ఫోన్ తెర మీద లెక్కల సూత్రాలు: ఏ ఫాంట్ ఎక్కడ నప్పుతుంది

మా అక్క జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. తను చేత్తో రాసిన తెలుగు నోట్స్‌ని వెబ్‌పేజీలుగా మార్చి పెట్టే పని నాది. ఒకసారి శ్రేఢుల పాఠం పెట్టాను. గుణశ్రేఢిలో 'ఎన్'వ పదం కావాలంటే సామాన్య నిష్పత్తికి ఘాతంగా 'ఎన్ మైనస్ ఒకటి' వేయాలి కదా. కాలేజీ ల్యాబ్‌లో పాత మానిటర్ల ముందు కూర్చున్న పిల్లల్లో నలుగురైదుగురు ఆ ఘాతాన్ని 'ఎన్ ఒకటి' అని రాసుకున్నారు. మధ్యలో మైనస్ గుర్తు వాళ్లకి కనపడలేదు. అక్క ఫోన్ చేసి అడిగితే నేను నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. గుర్తు చక్కగానే ఉంది. మర్నాడు ల్యాబ్‌కి వెళ్లి చూస్తే అక్కడ నిజంగానే లేదు, లేత బూడిద రంగు మచ్చలాంటిదేదో ఉంది.

సూత్రాల ఫాంట్‌ని ఎలా ఎంచుకోవాలో నాకు ఆ రోజు అర్థమైంది. అందమైన పెద్ద సమాకలని గుర్తునో, పేజీ మధ్యలో విడిగా నిలబెట్టిన వర్గసమీకరణం సూత్రాన్నో చూసి ఎంచుకోకూడదు. ఆ పేజీలో అన్నిటికంటే చిన్నది ఏదో వెతకాలి. ఘాతం మీద ఘాతం, ఘాతంలోని మైనస్, భిన్నం గీత, వర్గమూలం మీది అడ్డగీత. మన పిల్లలు చదివే తెర మీద అవి నిలబడితేనే ఆ ఫాంట్ పనికొస్తుంది.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. వెబ్‌పేజీలో మామూలు అక్షరం సైజు 16 పిక్సెళ్లు అనుకుందాం. ఘాతం దాదాపు అందులో 70 శాతం ఉంటుంది, అంటే సుమారు 11 పిక్సెళ్లు. ఘాతం మీద ఘాతమైతే 50 శాతం, 8 పిక్సెళ్లు. కంప్యూటర్ మోడర్న్ (దీని కథ కింద వస్తుంది) లాంటి సన్నగీతల ఫాంట్‌లో భిన్నం గీత మందం అక్షరం సైజులో 0.04 వంతు. 16 పిక్సెళ్లకి అది 0.64 పిక్సెల్ అవుతుంది, ఘాతంలోకి వెళ్తే సుమారు అర పిక్సెల్. పాత మానిటర్ అర పిక్సెల్ గీత గీయలేదు. ఒక పిక్సెల్‌ని సగం నలుపు చేసి ఊరుకుంటుంది. ఇప్పటి ఫోన్లలో అదే పొడవులో రెండు మూడు రెట్లు పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి అక్కడ ఈ గీత బతుకుతుంది. అందుకే ఫోన్‌లో బాగున్న ఫాంట్ ల్యాబ్‌లో చెడవచ్చు, ప్రొజెక్టర్ మీద మరీ చెడవచ్చు.

మామూలు ఫాంట్‌తో ఎందుకు కుదరదు

చాలామంది టీచర్లు అడిగే మాట ఇది. టైమ్స్ న్యూ రోమన్ ఉంది కదా, దాంట్లోనే ఇటాలిక్ చేసి రాస్తే పోదా అని. ఒక లైనులో పట్టే చిన్న సమీకరణానికి పోతుంది. భిన్నమో మాత్రికో వచ్చేసరికి పోదు. లవం ఎంత ఎత్తులో కూర్చోవాలి, హారం ఎంత కిందికి దిగాలి, లోపల ఉన్నదాన్ని బట్టి బ్రాకెట్టు ఎంత సాగాలి, వాలు అక్షరం పక్కన ఘాతం ఎంత జరగాలి, ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాలి. ఈ కొలతలన్నిటినీ ఫాంట్ ఫైలు లోపలే ఒక పట్టికగా పెట్టే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007తో తెచ్చింది. ఆ పట్టికతో వచ్చిన మొదటి ఫాంట్ కేంబ్రియా మ్యాథ్. తర్వాత లెక్కల పుస్తకాలు అమర్చే టెక్ (TeX) ప్రోగ్రాములూ బ్రౌజర్లూ అదే పట్టికను చదవడం నేర్చుకున్నాయి. క్రోమ్‌లో ఇది 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తో కుదిరింది. ఫైర్‌ఫాక్స్, సఫారీలకు సూత్రాలు చూపించడం అంతకు చాలా ముందునుంచే వచ్చు.

అంటే పేరు చివర 'మ్యాథ్' అని ఉన్న ఫాంట్లనే పోల్చుకోవాలి. వాటిలో నేను వాడి చూసినవాటి గురించే చెబుతాను.

కంప్యూటర్ మోడర్న్, దాని వారసులు

లెక్కల పుస్తకం అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది ఈ ముఖమే. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1977లో తన పుస్తకం రెండో సంపుటి కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులు చూసి, ఆ అక్షరాలు నచ్చక, తనే టెక్ అనే అమరిక ప్రోగ్రామునీ మెటాఫాంట్ అనే అక్షరాల ప్రోగ్రామునీ రాసుకున్నాడు. కంప్యూటర్ మోడర్న్ అందులోంచి పుట్టింది. మోనోటైప్ అనే అచ్చు కంపెనీ వారి పాత సీసపు అక్షరాలు దానికి నమూనా. సీసపు అచ్చులో కాగితం మీద సిరా కొంచెం పాకుతుంది, సన్నగీత ఆ పాకుడుతో నిండుతుంది. తెరకి సిరా లేదు. నిలువు గీతలు లావుగా, అడ్డగీతలు వెంట్రుకలా ఉండే ఈ అక్షరం తెర మీద సగం చెరిగినట్టు కనపడేది అందుకే. పైగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల పొట్ట కూడా పొట్టిదే, సైజులో 43 శాతం. వెబ్ పేజీల్లో సూత్రాలు చూపించే కేటెక్ (KaTeX) అనే ప్రోగ్రాము తన సూత్రాలను చుట్టూ ఉన్న మాటలకంటే 1.21 రెట్లు పెద్దగా చూపిస్తుంది. ఆ పొట్టితనాన్ని సరిదిద్దడానికి అది చాలావరకు సాయపడుతుంది.

లాటిన్ మోడర్న్ మ్యాథ్ ఇదే ముఖానికి కొత్త కాలపు ఫైలు. గీతలు మాత్రం అంతే సన్నం. ఈ ముఖం వదులుకోలేని వాళ్లు న్యూ కంప్యూటర్ మోడర్న్ తీసుకోండి, అందులోనూ 'బుక్' అని ఉండే మందం తీసుకోండి. అక్షరాల రూపం అదే, గీతలకు కాస్త కండ పట్టింది. కేటెక్ లాంటిదే అయిన మ్యాథ్‌జాక్స్ నాలుగో వెర్షన్ మామూలుగా చూపించే ఫాంట్ న్యూ కంప్యూటర్ మోడర్నే. ఇంజనీరింగ్ నుంచి ఎంఎస్సీ దాకా పరిశోధనా పత్రాలు చదివే పిల్లలకు ఈ ముఖం అలవాటు, వాళ్లకు దాన్ని మార్చాల్సిన పని లేదు. ఇంటర్ పిల్లలకైతే నేను పెట్టను.

స్టిక్స్ టూ

నా ఓటు దీనికే, కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ, అమెరికన్ ఫిజికల్ సొసైటీ, ఐఈఈఈ, ఎల్సెవియర్ లాంటి ప్రచురణ సంస్థలు కలిసి, సైన్సులో వాడే ప్రతి గుర్తూ ఒకే చోట దొరకాలని చేయించిన ఫాంట్ స్టిక్స్. మొదటి వెర్షన్ 2010లో వచ్చింది. దాని అక్షరాల్లో చిన్న చిన్న లోపాలుండేవి. 2016లో టిరో టైప్‌వర్క్స్ చేతుల్లో మళ్లీ కొత్తగా రూపుదిద్దుకుని స్టిక్స్ టూ అయింది. పాత స్టిక్స్ ఫైలు ఎక్కడైనా మిగిలి ఉంటే తీసేసి కొత్తది పెట్టండి.

దీని రూపం టైమ్స్‌ది. 1932లో లండన్ దినపత్రిక ఇరుకు కాలమ్‌ల కోసం పుట్టిన రూపం అది, తక్కువ చోటులో ఎక్కువ అక్షరాలు పట్టేలా గీశారు. ఫోన్ తెర కూడా అలాంటి ఇరుకు కాలమ్ లాంటిదే. పొడవాటి సమీకరణం తెర అంచు దాటి వేలితో జరుపుకోవాల్సి వస్తే పిల్లల ఆలోచన తెగిపోతుంది. ఒకటి రెండు అక్షరాల వెడల్పు మిగిలినా చాలాసార్లు ఆ బాధ తప్పుతుంది. స్టిక్స్ టూలో గీతలు కంప్యూటర్ మోడర్న్ కంటే మందం, గ్రీకు అక్షరాలూ రకరకాల బాణాలూ అన్నీ ఉన్నాయి, సెట్‌ల గుర్తులకు లోటు లేదు. పైగా ఉచితం, మన పేజీతో పాటు పంపించుకోవచ్చు. మాటల కోసం స్టిక్స్ టూ టెక్స్ట్ అనే తోడు ఫాంట్ కూడా ఉంది. దాని అవసరం తెలుగు దగ్గర చెబుతాను.

కేంబ్రియా మ్యాథ్

తెర కోసమే గీసిన ఫాంట్ ఇది. అడ్డగీతలు కూడా గట్టిగా ఉంటాయి. నేను చెప్పిన ల్యాబ్ మానిటర్ల లాంటి వాటి మీద దీనికి సాటి వచ్చేది తక్కువ. వర్డ్‌లో సమీకరణం పెడితే తనంతట తనే వచ్చేదీ ఇదే. వర్డ్‌లో నోట్స్ చేసి, పీడీఎఫ్‌గా మార్చి, వాట్సాప్‌లో పంపే టీచరైతే ఇక వేరే ఫాంట్ వెతుక్కోనక్కర్లేదు.

రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఇది విండోస్‌తోనూ ఆఫీస్‌తోనూ వచ్చే సొంతదారు ఫాంట్. ఉచితంగా వెబ్‌పేజీలో కలిపి పంపడానికి లేదు. పిల్లల ఆండ్రాయిడ్ ఫోన్‌లో అది ఉండదు. 'నా కంప్యూటర్‌లో కనపడుతోంది కదా' అని పేజీలో దాని పేరు రాసి వదిలేస్తే, ఫోన్‌లో దొరికిన ఏదో ఫాంట్‌తో సూత్రం బయటపడుతుంది. బ్రాకెట్లు సాగవు, వర్గమూలం గీత లోపలి అంకెల దాకా రాదు. రెండోది, కేంబ్రియా మ్యాథ్‌ని మామూలు మాటలకి వాడారంటే లైనుకీ లైనుకీ మధ్య పెద్ద ఖాళీ పడుతుంది. ఎత్తైన గుర్తులన్నిటికీ చోటు ఉంచినందుకు అలా జరుగుతుంది. మాటలకి కేంబ్రియా, సూత్రాలకే కేంబ్రియా మ్యాథ్.

సెరిఫ్ లేనివి: ఫైరా మ్యాథ్, లెటే శాన్స్ మ్యాథ్, నోటో శాన్స్ మ్యాథ్

సెరిఫ్ అంటే అక్షరం గీతల కొసల్లో ఉండే చిన్న తోక. ప్రొజెక్టర్ మీద పాఠం చెప్పేవాళ్లు ఇక్కడ ఆగండి. క్లాసులో కిటికీ వెలుతురు పడే గోడ మీద సన్నగీతలన్నీ కరిగిపోతాయి. ఒకే మందంతో ఉండే అక్షరాలు వెనక బెంచీ దాకా చేరతాయి. ఫైరా అక్షరాలు ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా వాళ్లు తమ ఫోన్ల కోసం చేయించుకున్నవి, కాబట్టి తెర దానికి పుట్టిల్లే. ఫైరా మ్యాథ్ వాటి మీద కట్టినది. అయితే చేతిరాతలా మెలికలు తిరిగే పెద్దక్షరాలు ఇందులో వెతికితే దొరక్కపోవచ్చు, పై క్లాసుల లెక్కలకి ముందే సరిచూసుకోండి. లెటే శాన్స్ మ్యాథ్ లాటో అక్షరాల మీద కట్టినది, దాని గుండ్రదనం నాకు తెలుగు పక్కన బాగా నచ్చింది. నోటో శాన్స్ మ్యాథ్‌లో గుర్తులు విస్తారంగా ఉన్నాయి. ఏ ఫాంట్‌లోనూ దొరకని గుర్తు కోసం వెనక వరసలో పెట్టుకోవడానికి మంచిది.

సెరిఫ్ లేని ఫాంట్లతో నాకున్న భయం ఒక్కటే. అంకె ఒకటి, ఇంగ్లిష్ చిన్న 'ఎల్', పెద్ద 'ఐ' మూడూ ఒకేలా నిలువు గీతలై కూర్చునే ప్రమాదం వీటిలోనే ఎక్కువ. లఘుగణకాలూ పొడవులూ కలిసిన లెక్కలో అది పిల్లలను నిజంగా తప్పుదారి పట్టిస్తుంది.

ఆయిలర్

అక్షరాలు గీసే కళాకారుడు హెర్మన్ జాఫ్ 1980లలో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ కోసం గీసిన అక్షరాలు ఇవి. వాలు లేదు. లెక్కల మాస్టారు బోర్డు మీద తీరిగ్గా, అందంగా రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. సున్నా పైన చిన్న మొన కూడా ఉంటుంది, చేత్తో రాసినప్పుడు కొస కలిసే చోటులా.

తెలుగు పక్కన ఈ ఫాంట్ చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం వేరు. మన లిపికి వాలు అలవాటు లేదు, మన అక్షరం నిటారుగా, గుండ్రంగా కూర్చుంటుంది. ఆయిలర్ అక్షరం కూడా అంతే. తెలుగు వాక్యం మధ్యలో అది పరాయిగా అనిపించదు. ఆసక్తి కొద్దీ చదివే వ్యాసాలకూ, గణిత చరిత్ర కథలకూ నేను దీన్నే వాడతాను. పరీక్షకి చదివే పాఠానికి మాత్రం వాడను. పాఠ్యపుస్తకంలోనూ ప్రశ్నపత్రంలోనూ వాలు అక్షరమే వస్తుంది, పిల్లల కన్ను దానికి అలవాటు పడాలి.

ఇవి కాక పలటినో రూపంలో టెక్ గైర్ పగెల్లా మ్యాథ్ ఉంది, ట్యాబ్‌లో పెద్ద పేజీకి బాగుంటుంది. టెక్ గైర్ స్కోలా మ్యాథ్ అమెరికా బడి పుస్తకాల అక్షరాల మీద కట్టినది, చిన్న క్లాసులకు చూడవచ్చు. లిబర్టినస్ మ్యాథ్ కూడా మంచిదే.

తెలుగు పక్కన కూర్చోబెట్టడం

ఫాంట్ల పోలికలు ఇంగ్లిష్ వాక్యం మధ్యలో సూత్రం పెట్టి చూపిస్తాయి. మన కష్టాలు వేరు. వాటిని ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి కష్టం ఎత్తు. తెలుగు లైనులో పైన గుడులూ ఏత్వాలూ, కింద వత్తులూ ఉంటాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం చూడండి, ఎంత పైకీ ఎంత కిందికీ పాకుతుందో. దాని కింది లైనులో భిన్నం వచ్చిందంటే వత్తూ లవమూ గుద్దుకుంటాయి. లైన్ల మధ్య దూరం అక్షరం సైజుకి 1.7 రెట్లకు తగ్గకుండా పెట్టండి. వాక్యం మధ్యలో భిన్నం వస్తే గీత కింద హారం వేయకుండా ఏటవాలు గీతతో రాయండి, నిలువు భిన్నం తప్పనిసరైతే దాన్ని విడి లైనులోకి తెచ్చేయండి. దీనికి ఏ ఫాంటూ మందు కాదు.

రెండోది అంకెలు. '5 మీటర్ల ఎత్తు' అని వాక్యంలో రాసిన 5 తెలుగు ఫాంట్‌లోంచి వస్తుంది, పక్కనే సూత్రంలోని 5 సూత్రాల ఫాంట్‌లోంచి వస్తుంది. రెండూ రెండు రకాలుగా కనపడితే పేజీ అతుకుల బొంతలా తయారవుతుంది. దీనికి సులువైన మార్గం ఉంది. పేజీ స్టైల్‌లో ఫాంట్ల వరస రాసేటప్పుడు ముందు సూత్రాల ఫాంట్‌కి తోడుగా వచ్చే ఇంగ్లిష్ ఫాంట్ పేరు, దాని తర్వాత తెలుగు ఫాంట్ పేరు రాయండి. ముందు స్టిక్స్ టూ టెక్స్ట్, తర్వాత నోటో సెరిఫ్ తెలుగు అనుకోండి. మొదటి ఫాంట్‌లో తెలుగు లేదు కాబట్టి బ్రౌజర్ తెలుగు అక్షరాలకి రెండోదానికి వెళ్తుంది, అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ మొదటిదాంట్లోంచే తీసుకుంటుంది. వాక్యంలోనూ సూత్రంలోనూ ఒకే 5 వస్తుంది. సైజులో తేడా ఉంటే ఫాంట్‌ను ప్రకటించే చోటే 'సైజ్ అడ్జస్ట్'లో శాతం ఇచ్చి తెలుగును కొంచెం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు.

మూడోది సూత్రం లోపలి తెలుగు మాట. 'వేగం బరాబరు దూరం బై కాలం' అని భిన్నంగా రాస్తాం. గరిష్ఠ ఎత్తుకి ఎత్తు గుర్తు కింద చిన్నగా 'గరిష్ఠ' అని రాస్తాం. నేను చెప్పిన ఏ సూత్రాల ఫాంట్‌లోనూ తెలుగు లేదు. ఆ మాటని తప్పకుండా సూత్రంలో మామూలు మాటల కోసం ఉండే ఆదేశంలోనే పెట్టి, దానికి తెలుగు ఫాంట్ పేరు విడిగా చెప్పాలి. లేకపోతే ఒక్కోసారి బ్రౌజర్ తెలుగు అక్షరాన్ని కూడా పక్కకి వంచేస్తుంది, చూడడానికి చాలా బాధగా ఉంటుంది. సబ్‌స్క్రిప్ట్‌లో పెట్టిన 'ష్ఠ' 11 పిక్సెళ్లలో ఎవరికీ కనపడదు కాబట్టి నేను అక్కడ ఒత్తులు లేని పొట్టి మాట వెతుక్కుంటాను.

తెలుగు ఫాంట్ సంగతికొస్తే, నోటో సెరిఫ్ తెలుగులో గీతలు లావూ సన్నం అవుతూ ఉంటాయి, అది స్టిక్స్ పక్కన కుదురుతుంది. నోటో శాన్స్ తెలుగు, మండలి లాంటివి ఇంచుమించు ఒకే మందంతో సాగుతాయి, అవి ఫైరా, లెటేల పక్కన బాగుంటాయి. రామభద్ర లాంటి బరువైన ఫాంట్లను శీర్షికకే ఉంచండి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లలో చేయించిన పాత ఫైళ్లను నేరుగా పేజీలోకి తేవద్దు, యూనికోడ్‌కి మార్చాకే సూత్రాలు కలపండి. ఆ ఫాంట్‌లలో తెలుగు అక్షరం వెనక ఉన్నది వేరే సంకేతం కాబట్టి ఫాంట్ మారగానే మాటలన్నీ పిచ్చిగీతలవుతాయి.

ఎంచుకునే ముందు చేయాల్సిన పరీక్ష

ఒక పేజీలో ఈ జతలు పక్కపక్కన రాసి చూడండి. ఇంగ్లిష్ 'వి', గ్రీకు 'న్యూ'. కాంతి విద్యుత్ ఫలితం పాఠంలో వేగానికి ఒకటి, పౌనఃపున్యానికి ఒకటి, రెండూ ఒకే లైనులో వస్తాయి. వాలు అక్షరాల్లో ఈ రెండూ కవల పిల్లలే. ఇంగ్లిష్ 'ఎ', గ్రీకు 'ఆల్ఫా'. 'డబ్ల్యు', 'ఒమేగా'. 'ఎక్స్', 'కై', గుణకారం గుర్తు. సున్నా, 'ఓ', 'తీటా'. వీటిని సబ్‌స్క్రిప్ట్ సైజులో కూడా పెట్టాలి. తర్వాత భిన్నంలో భిన్నం, వర్గమూలంలో భిన్నం, మూడు వరసల మాత్రిక, ఘాతంలో మైనస్ పెట్టండి. ఆ పేజీని ఇంట్లో ఉన్న అన్నిటికంటే చవక ఫోన్‌లో తెరవండి, వెలుతురు సగానికి తగ్గించండి, చేతి దూరంలో పట్టుకుని, లెక్కలు తెలియని మనిషిచేత గుర్తులు ఒక్కొక్కటిగా చదివించండి. తెలిసినవాళ్లయితే కనపడనిదాన్ని కూడా ఊహించి చదివేస్తారు. నాకు ఈ పరీక్ష మా అమ్మ చేసిపెడుతుంది.

ఇంకొక్క జాగ్రత్త. సూత్రాల ఫాంట్లలో వేల రూపాలుంటాయి, ఫైళ్లు బరువు. డేటా కలిసొస్తుందని చాలామంది వాడని అక్షరాలు కత్తిరిస్తారు. అలా కత్తిరించినప్పుడు వాలు 'హెచ్' మాయమైన పేజీలున్నాయి. యూనికోడ్‌లో లెక్కల వాలు అక్షరాలన్నీ ఒక వరసలో ఉంటాయి, 'హెచ్' ఒక్కటి మాత్రం అక్కడ ఉండదు. ప్లాంక్ స్థిరాంకం గుర్తుగా అంతకు ముందే వేరే చోట స్థానం ఇచ్చేశారు, దాని గది ఈ వరసలో ఖాళీగానే ఉంది. వరస చూసి కత్తిరిస్తే ఎత్తు కూడా పోతుంది, ప్లాంక్ కూడా పోతాడు. సాగే బ్రాకెట్ల ముక్కలు కూడా ఇలాగే పోతుంటాయి.

మరి నేనేం చేశానంటే, అక్క నోట్స్ మొత్తం స్టిక్స్ టూ, నోటో సెరిఫ్ తెలుగు జతలోకి మార్చాను. తను క్లాసులో ప్రొజెక్టర్ మీద చూపించే స్లయిడ్లకి లెటే శాన్స్, మండలి. వర్డ్‌లో చేసే ప్రశ్నపత్రాలకి కేంబ్రియా మ్యాథ్ అలాగే ఉంచాం. ల్యాబ్‌లో ఇంకా ఆ పాత మానిటర్లే ఉన్నాయి కాబట్టి, అక్కడ తెరిచే పేజీల్లో సూత్రాల సైజు మాటలకంటే పదో వంతు పెంచాను. గుణశ్రేఢి సూత్రంలో మైనస్ ఇప్పుడు చివరి వరస మానిటర్ మీద కూడా కనపడుతోంది.